కొనే పద్దు, కట్టే పద్దు: ప్రభుత్వ శాఖలు కరెంటునూ సామగ్రినీ కొనే తీరు

నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మృతిలో కామారెడ్డిలో ఇస్తున్న ఉపన్యాసం ఇది. 1877 జులై 11న పుట్టి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, నిజాం రాజ్యంలో నీటి కట్టడాలకు పేరు తెచ్చిన ఆయన జీవితం, పుట్టినరోజును తెలంగాణ ప్రభుత్వం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నందువల్ల ఏటా సభల్లో వినిపించేదే కనుక, ఆ వివరాల్లోకి మళ్లీ పోనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పవలసి ఉన్నది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ జలాశయానికి ముంపు నేల ఇచ్చింది ఎల్లారెడ్డి ప్రాంతం. నీళ్లు పారింది దిగువన బాన్సువాడ, బోధన్, నిజామాబాదు పొలాలకు. ఎగువన మిగిలిన మెట్టకు పోచారం జలాశయం కింద సాగయ్యే సుమారు 10,500 ఎకరాలూ, ఊరి చెరువులూ పోను బావులు, ఆ తరువాత బోర్లే దిక్కయ్యాయి. అందువల్ల ఇక్కడ నీటి మాట ఎత్తగానే కరెంటు మాట దానంతట అదే వస్తుంది. ఒక ఆనకట్ట నిర్మాతను స్మరించే సభలో బోరు మోటారు గురించి మాట్లాడటానికి అదే కారణం.

బాధ్యతాయుతమైన కొనుగోలు అంటే, ఒక శాఖ ఏదైనా వస్తువును కొనేటప్పుడు బిల్లు మీది ధరతో ఆగిపోకుండా, ఆ వస్తువు బతికినన్నాళ్లూ ఎంత కరెంటు తింటుంది, అది ఏ వాగు నుంచి, ఏ గుట్ట నుంచి వచ్చింది, పాడైన తరువాత ఎక్కడికి పోతుంది అనే మూడు ప్రశ్నలు కూడా అడగటం. బహిరంగ టెండరు, 2003 నుంచి తెలుగు నేల మీద నడుస్తున్న ఎలక్ట్రానిక్ టెండర్ల పద్ధతి, 2016లో కేంద్రం తెరిచిన జెమ్ అనే ఆన్‌లైన్ అంగడి, పోటీ, పారదర్శకత, వీటి మీద ఇప్పటికే చాలినంత సాహిత్యం ఉన్నది. వీటి మేలును ఈ ఉపన్యాసం అంగీకరించి ముందుకు సాగుతుంది. వివాదమంతా ఒక్క నమ్మకం దగ్గర. అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికే, అంటే కార్యాలయ పరిభాషలో ఎల్-1కే, పని ఇవ్వాలని నియమాలు శాసిస్తున్నాయనీ, అధికారి చేతులు కట్టేసి ఉన్నాయనీ దశాబ్దాలుగా వినిపిస్తున్న వాదన సరికాదని ఉపన్యాసకర్త మొదటి నుంచీ చెబుతూ వస్తున్నాడు.

ముందు నియమాలనే చూడాలి. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు నేరుగా కేంద్ర శాఖలకే వర్తించేవి అయినా, రాష్ట్ర అధికారులు తమ వాదనకు ఆధారంగా తరచు వాటినే ఎత్తి చూపుతారు. వాటిలోని 144వ నియమం కొనుగోలుకు పునాది సూత్రాలు చెబుతూ, ఎంపికైన ధర సహేతుకంగా ఉండాలనీ, కోరిన నాణ్యతకు తగినట్లు ఉండాలనీ అంటుంది; అన్నిటికన్నా తక్కువగా ఉండాలని అనదు. 21వ నియమం ప్రభుత్వ ధనాన్ని ఖర్చు పెట్టే అధికారి, వివేకవంతుడైన మనిషి సొంత సొమ్ము విషయంలో చూపే జాగ్రత్తనే చూపాలంటుంది. సొంత పొలంలో బోరు వేయించుకునే కామారెడ్డి రైతు ఎవరూ దుకాణంలో అన్నిటికన్నా చౌక మోటారును కళ్లు మూసుకొని ఎత్తుకు రాడు. ఏది కాలిపోతుందో, ఏది తక్కువ ఓల్టేజీలోనూ నీళ్లు ఎత్తుతుందో పక్క రైతును అడుగుతాడు. 173వ నియమం మరింత ముందుకు పోయి, ప్రకటించిన విద్యుత్ పరికరాలను కొనేటప్పుడు, 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ ఇచ్చే నక్షత్రాల గుర్తు నిర్ణీత స్థాయికి తగ్గకూడదని విధిస్తుంది. అంటే, వస్తువు తినే కరెంటును చూడమని నియమమే చెబుతుండగా, చూడటానికి నియమం ఒప్పుకోదని అనటం ఎట్లా కుదురుతుంది?

రాష్ట్ర ఉత్తర్వుల సాక్ష్యం కూడా ఇటువైపే ఉన్నది. ఉమ్మడి రాష్ట్ర నీటిపారుదల శాఖ 2003 జులైలో ఇచ్చిన 94వ నంబరు ఉత్తర్వు, దాన్ని సవరించిన 2004 నవంబరు నాటి 133వ నంబరు ఉత్తర్వు నేటి టెండరు పద్ధతికి పునాదులు. వాటి ప్రకారం గుత్తేదారు అంచనా విలువ మీద 25 శాతానికి మించి లెస్, అంటే తగ్గింపు, వేస్తే, అంచనాలో 75 శాతానికీ తాను కోట్ చేసిన మొత్తానికీ మధ్య ఉన్న తేడాను అదనపు హామీగా కట్టాలి. ధర పడిపోతున్న కొద్దీ పని చెడుతుందనే అనుమానం లేకపోతే ఆ హామీ అడగవలసిన అవసరమే ఉండదు. తక్కువ ధరను శంకించిన ఉత్తర్వునే తక్కువ ధరకు ఆధారంగా చూపటం ఆ ఉత్తర్వును సగం చదవటమే. ఇక న్యాయస్థానాల సంగతి. టాటా సెల్యులార్ కేసులో 1994లో సుప్రీంకోర్టు, తక్కువ టెండరునైనా, మరే టెండరునైనా నిరాకరించే హక్కు ప్రభుత్వానికి ఎప్పుడూ ఉంటుందని, అయితే ఆ హక్కును రాజ్యాంగం 14వ అధికరణంలోని సమానతకు లోబడి వాడాలని చెప్పింది. మహారాష్ట్ర విద్యుత్ బోర్డు టెండరు మీద వచ్చిన రౌనక్ ఇంటర్నేషనల్ కేసులో 1998లో అదే కోర్టు, ధర ఒక్కటే ఎల్లవేళలా కొలబద్ద కానక్కర్లేదని, నాణ్యత, సామర్థ్యం, సమయం కూడా లెక్కలోకి వస్తాయని వివరించింది. 2021 అక్టోబరులో కేంద్ర వ్యయ విభాగం, నాణ్యత ప్రధానమని ప్రకటించిన పనుల్లో ధరేతర అంశాలకు 30 శాతం దాకా బరువు ఇవ్వవచ్చని మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇన్ని ఆధారాలు ఉండగా చేతులు కట్టేసి ఉన్నాయనే మాట నిలవదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం బలమైనదే. దాన్ని తేలికగా తీసుకోవటం న్యాయం కాదు. ధర అంకె కనుక ఎవరు చూసినా ఒకటే, నాణ్యత అభిప్రాయం కనుక మనిషి మనిషికీ మారుతుంది, మారే చోట పైరవీ చొరబడుతుంది, అందుకే ఆడిట్ వారు ఎల్-1ను దాటిన ప్రతి ఫైలు మీదా ఎర్ర గీత గీస్తారు అని అనుభవజ్ఞులైన ఇంజనీర్లు అంటారు. కానీ కరెంటు ఖర్చు అభిప్రాయం కాదు, అదీ అంకే. దేశంలోని విద్యుత్ సంస్థలకు ఇది కొత్త పాఠం కూడా కాదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొనేటప్పుడు, అది ఖాళీగా ఉన్నప్పుడు పోగొట్టే కరెంటుకూ, భారం మోసేటప్పుడు పోగొట్టే కరెంటుకూ ఒక్కో కిలోవాటుకు ఇన్ని రూపాయలని టెండరులోనే ముందుగా రాసి, ఆ మొత్తాన్ని కోట్ చేసిన ధరకు కలిపి, కూడిక తక్కువ వచ్చినవాడికి ఇస్తారు. నష్టాల మూలధనీకరణ అని పిలిచే ఈ లెక్కలో పైరవీకి చోటు లేదు, ఎందుకంటే సూత్రం టెండరు తెరవక ముందే అందరి చేతుల్లో ఉంటుంది. సబ్‌స్టేషనులో సాధ్యమైన లెక్క పంచాయతీ బోరు దగ్గర ఎందుకు అసాధ్యమో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ధర కాని కొలబద్దల్లో ఏవి చెల్లుతాయి, ఏవి చెల్లవు అనే హద్దు ఎక్కడ గీయాలో ఐరోపా న్యాయస్థానం 2003 డిసెంబరులో ఇచ్చిన ఈవీఎన్ వీన్‌స్ట్రోమ్ తీర్పు చక్కగా చూపుతుంది. ఆస్ట్రియా ప్రభుత్వ కార్యాలయాలకు కరెంటు కొనే టెండరులో, గాలి, నీరు, ఎండ వంటి తరగని వనరుల నుంచి వచ్చే కరెంటుకు 45 శాతం బరువు ఇచ్చారు. అంత బరువు ఇవ్వటం తప్పు కాదని కోర్టు అన్నది. అయితే సరఫరాదారు చెప్పిన మాట నిజమో కాదో సరిచూసే ఏర్పాటు టెండరులో ఉండాలనీ, కొలబద్దకూ కొంటున్న సరుకుకూ సంబంధం ఉండాలనీ రెండు షరతులు పెట్టింది. ఆ టెండరులో కార్యాలయాల అవసరానికి మించి సరఫరాదారు ఇతరులకు అమ్మే కరెంటుకు మార్కులు వేశారు కనుక అది కొంటున్న సరుకుకు సంబంధం లేనిదని తప్పుపట్టింది. సరిచూడగలగాలి, సరుకుకు సంబంధించి ఉండాలి అనే ఆ రెండు షరతులే ఇక్కడి ఆడిట్ అభ్యంతరానికి సమాధానం. వీటిని తెలుగులో నాలుగు వాక్యాల్లో టెండరు షరతుగా రాయవచ్చు.

మరొక ఎదురువాదం ఎల్‌ఈడీ బల్బుల గురించినది. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్న బల్బు ధర 2014లో 310 రూపాయలు ఉండగా 2016కు 38 రూపాయలకు దిగింది, అది ఎల్-1 విజయం కాదా అని అడుగుతారు. విజయమే, కానీ ఆ విజయానికి ముందు ఏమి కొనాలో తేల్చిన పని ఒకటి ఉన్నది. బల్బు ఎన్ని వాట్లు తినాలి, ఎంత వెలుగు ఇవ్వాలి, ఎన్నాళ్లు పూచీ ఉండాలి అనేవి గట్టిగా నిర్ణయించిన తరువాతే ధర మీద పోటీ పెట్టారు. పురపాలికల వీధి దీపాల పథకంలోనైతే పెట్టుబడి ఆ సంస్థే పెట్టి, ఆదా అయ్యే కరెంటు బిల్లు నుంచి ఏళ్ల తరబడి వసూలు చేసుకునే పద్ధతి ఉన్నది. అంటే కొనుగోలు ఖర్చునూ కరెంటు ఖర్చునూ ఒకే చేతిలో పెట్టారు. ఆ ఉదాహరణ ఉపన్యాసకర్త వాదాన్నే బలపరుస్తున్నది.

అసలు చిక్కు నియమంలో లేదు, పద్దుల్లో ఉన్నది. రాష్ట్ర బడ్జెటులో నీటి, విద్యుత్ చార్జీలకు 133 అనే ఉపపద్దు వేరుగా ఉంటుంది. యంత్రాల కొనుగోలు మరో పద్దు. పంచాయతీలోనూ మోటారు ఒక తీర్మానం మీద కొంటారు, కరెంటు బిల్లు వేరే చోట వేరే నెలలో తేలుతుంది. కొన్నప్పుడు ఆదా చూపిన అధికారికి మెప్పు దక్కుతుంది, తరువాత ఏళ్ల తరబడి పెరిగిన బిల్లు ఎవరి లోపంగానూ నమోదు కాదు. ఒక తాగునీటి బోరును దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. 60 మీటర్ల లోతు నుంచి గంటకు 9,000 లీటర్లు ఎత్తే మోటారు, పంపు కలిపి 50 శాతం సామర్థ్యంతో పనిచేస్తే సుమారు 2.9 కిలోవాట్లు లాగుతాయి. 35 శాతంతో పనిచేస్తే 4.2 కిలోవాట్లు లాగుతాయి. రోజుకు 6 గంటల చొప్పున ఏడాదికి తేడా దాదాపు 2,760 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలుగా పట్టుకుంటే ఏడాదికి 19,300 రూపాయలు, ఏడేళ్లకు లక్షా 35 వేలు. రెండు మోటార్ల ధరల మధ్య పది పన్నెండు వేల తేడా ఉన్నదనుకున్నా అది మొదటి ఏడాదిలోనే తీరిపోతుంది. పైగా కాలిపోయిన మోటారుకు మళ్లీ మళ్లీ వైండింగ్ చేయిస్తుంటే సామర్థ్యం ఇంకా దిగుతుంది, ఆ ఖర్చు రిజిస్టరులో మోటారు రిపేరు అనే రెండు మాటల కింద మాయమవుతుంది. బిల్లు కట్టకపోతే పోయేదేమీ లేదనే ధీమా దీనికి తోడు. 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ముందు పెట్టిన విద్యుత్ శ్వేతపత్రం ప్రకారం ప్రభుత్వ శాఖలు విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలకు పడిన బాకీ 28 వేల కోట్ల రూపాయలకు పైనే, అందులో సగం దాకా ఎత్తిపోతల పథకాలది. ధర చూసి కొన్నవాడికి బిల్లు తగలకపోతే ఇంతకన్నా వేరే ఫలితం రాదు.

సామగ్రి విషయంలోనూ కథ ఇదే, కాకపోతే అక్కడ పోయేది వాగు. గుత్తేదారు బిల్లు నుంచి ఇసుకకూ మొరానికీ సీనరేజి, అంటే ఖనిజం మీద ప్రభుత్వానికి రావలసిన రుసుము, కోత కోసుకుంటే శాఖ బాధ్యత తీరినట్లు భావిస్తారు. ఆ ఇసుక మంజీర నదిలో అనుమతి ఉన్న రీచు నుంచి వచ్చిందా, రాత్రి పూట తోడినదా అని కొలతల పుస్తకం అడగదు; దానితో కట్టిన పని ఎన్నాళ్లు నిలుస్తుందనీ అడగదు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా మీద విరుచుకుపడిన వానలకు రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోగా, 1922లో రాతితో కట్టిన పోచారం భారీ వరదను మోసి కూడా నిలిచింది. పాత కట్టడాలన్నీ గొప్పవని దీని అర్థం కాదు, కూలిపోయిన పాతవి నేడు కంటికి కనిపించవు. కానీ కొట్టుకుపోయిన ప్రతి కల్వర్టునూ మళ్లీ అదే అంచనాతో, అదే లెస్‌తో కడితే, దాని మొదటి ధరను ఆదా అని పిలిచే హక్కు ఎవరికీ ఉండదు.

ఈ దృష్టితోనే ఉపన్యాసకర్త ప్రస్తుతం కామారెడ్డి, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ల గ్రామ పంచాయతీల కోసం ఒక మోటారు పుస్తకం నమూనా సిద్ధం చేస్తున్నాడు. ఒక్కో బోరుకు ఒక్క పేజీ. బోరు లోతు, నీటి మట్టం, మోటారు కొన్న తేదీ, కొన్న ధర, నక్షత్రాల గుర్తు, నడిచే గంటలు, నెల నెలా మీటరు రీడింగు, వైండింగ్ ఎన్నోసారి, దానికి ఎంత అయింది అనే గడులు ఉంటాయి. కొన్న ధరా కట్టిన బిల్లూ మొదటిసారి ఒకే కాగితం మీద పక్కపక్కన కనబడాలన్నదే దాని ఉద్దేశం. వెనుక అట్ట మీద పంచాయతీ తీర్మానానికి పనికివచ్చే టెండరు షరతు ఒకటి అచ్చువేయాలని తలపు: కోట్ చేసిన ధరకు ఏడేళ్ల కరెంటు ఖర్చును కలిపి తక్కువ వచ్చినవారికే ఇవ్వబడును, బిగించిన నెలలోపు నీటినీ యూనిట్లనూ కొలిచి చూడబడును, చెప్పిన సామర్థ్యం రాకపోతే తేడా బిల్లు నుంచి కోయబడును. గంటకు ఎన్ని బిందెలు నిండుతున్నాయో గడియారం పట్టుకొని కొలవగల వాటర్‌మన్ ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. నీటి మట్టం గడిని నింపటానికి మాత్రం వేసవిలో ఒకసారి, చెరువులు నిండిన తరువాత మరొకసారి బోరులోకి తాడు వదలవలసి ఉంటుంది, ఆ పని వచ్చే వైశాఖంలో మొదలవుతుంది.