మన భూమి కొలిచే యంత్రం వెనకాల ఐన్‌స్టీన్ లెక్క
(కొత్తచెరువులో డిగ్రీ, ఇంటర్ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)



నేను బీఎస్సీ చదివేటప్పుడు సాధారణ సాపేక్షతా సిద్ధాంతం, అదే జనరల్ రిలేటివిటీ, నేర్చుకోవాలని ఉంది అని ఒక సారుకు చెప్పినాను. "తండా పిల్లోడివి, అది నీకెందుకురా, గ్రూప్ పరీక్షలు రాసుకో" అన్నాడు. ఆయన అడిగిన "ఎందుకు"కు ఈ రోజు జవాబు చెప్తాను. గ్రూప్ పరీక్షలు రాయొద్దని కాదు, రాయండి. కానీ ఫలానా చదువు ఫలానా వాళ్లకే అని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ముందు సంగతేందో చూద్దాం. ఒక ప్లాస్టిక్ బాటిల్ తీసుకోండి. మూత తీసేసి, అడుగున చిన్న బొక్క పెట్టి, నీళ్లు పోయండి. చేతిలో ఉన్నంతసేపు నీళ్లు కారతాయి. ఇప్పుడు మిద్దె మీద నుంచి బాటిల్‌ను వదిలేయండి. పడుతున్నంతసేపు ఒక్క చుక్క కారదు. ఎందుకంటే బాటిలూ నీళ్లూ ఒకే వేగంతో పడుతున్నాయి. బాటిల్ లోపల చూస్తే నీళ్లకు బరువే లేదు. ఇంటి కప్పు మీద నుంచి పడే మనిషికి తన బరువు తెలియదు కదా అని 1907లో ఐన్‌స్టీన్‌కు తట్టింది ఇదే. ఆ ఒక్క ఆలోచన పట్టుకుని ఎనిమిదేళ్లు కుస్తీ పడి, 1915 నవంబరులో సమీకరణాలు పూర్తి చేసినాడు.

ఆయన చెప్పింది ఇది: గురుత్వాకర్షణ అంటే తాడు కట్టి లాగే బలం కాదు. బరువైన వస్తువు దగ్గర స్థలమూ కాలమూ వంగుతాయి. వంగిన చోట వస్తువులు తమకు తిన్నగా ఉన్న దారిలో పోతాయి. భూమధ్యరేఖ మీద ఇద్దరు దూరదూరంగా నిలబడి, తిన్నగా ఉత్తరానికే నడిచినారనుకోండి. ఒకరినొకరు ఎవరూ లాగరు. అయినా ఉత్తర ధ్రువం కాడ కలుసుకుంటారు. నేల గుండ్రంగా ఉండబట్టి. గ్రహాలు సూర్యుని చుట్టూ తిరిగేది కూడా ఈ లెక్కనే.

కాలం కూడా వంగుతుంది అన్నాం కదా. అంటే భూమికి దగ్గరున్న గడియారం నిదానంగా, పైనున్నది తొందరగా నడుస్తుంది. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 1960లో పౌండ్, రెబ్కా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హార్వర్డ్ యూనివర్సిటీలో 22.5 మీటర్ల ఎత్తులోనే ఈ తేడాను పట్టుకున్నారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఏజెన్సీలో పోడు భూమి సర్వే చేసేటప్పుడు చేతిలో ఏం పట్టుకొస్తారు? జీపీఎస్ యంత్రం. అది 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల గడియారాలను నమ్ముకుని పని చేస్తుంది. ఎత్తులో ఉన్నందుకు ఆ గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగంగా తిరుగుతున్నందుకు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. మిగిలింది 38. ఒక మైక్రోసెకనులో వెలుతురు 300 మీటర్లు పోతుంది. 38ని 300తో గుణించండి. సవరించకుండా వదిలేస్తే ఒక్క రోజులో 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. 1977లో ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహాన్ని పంపి, సుమారు 20 రోజులు సవరణ ఆపి చూసినారు. గడియారం ఐన్‌స్టీన్ చెప్పినట్టే ముందుకు పోయింది.

ఐన్‌స్టీన్ సవరణ అయిపోయినాక కూడా చేతి యంత్రానికి కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. చెట్ల కింద, కొండల మధ్య ఇంకా ఎక్కువ. ఎకరం చదరంగా ఉంటే ఒక పక్క సుమారు 64 మీటర్లు. ఒక హద్దు 5 మీటర్లు లోపలికి జరిగితే 320 చదరపు మీటర్లు పోయినట్టే. అంటే దాదాపు 8 సెంట్లు! "మిషన్ చెప్పింది, అంతే" అంటే తలకాయ ఊపడమా, "ఆకాశం కనిపించే చోట నిలబడి ఇంకోసారి కొలవండి సార్" అని అడగడమా? రెండోది చెయ్యాలంటే యంత్రం ఎట్లా పనిచేస్తుందో తెలియాల.

ఇంకో మాట. మన దేశానికి నావిక్ అనే సొంత వ్యవస్థ ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పోయింది. 2023 మే 29న అక్కడి నుంచే పోయిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో చేసిన అణు గడియారం ఉంది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో బతికింది ఎవరు? యానాదులు. ఆ నేల వదిలి వచ్చినోళ్ల పిల్లలకు ఆ గడియారం లెక్క నేర్చుకునే హక్కు అందరికంటే ముందుంది.

మరి ఎట్లా నేర్చుకోవాల? డిగ్రీలో మనకు ప్రత్యేక సాపేక్షత వరకు చెప్తారు. దాన్ని గట్టిగా పట్టుకోండి. కాలిక్యులస్, మాత్రికలు, అవకలన సమీకరణాలు చేత్తో చేసి చేసి అలవాటు చేసుకోండి. ఆ తర్వాత హార్టల్ రాసిన "గ్రావిటీ" తీసుకోండి. అది లెక్కల భయం పెట్టకుండా ముందు భౌతికశాస్త్రం చూపిస్తుంది. కష్టమైన సమీకరణం చివర్లో వస్తుంది. డబ్బులు లేకపోతే షాన్ కారల్ 1997లో పెట్టిన పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అవి కొంచెం గట్టివి, రెండో విడతకు పెట్టుకోండి. సస్కిండ్ స్టాన్‌ఫర్డ్‌లో చెప్పిన వీడియోలు ఫోన్‌లోనే చూడొచ్చు.

టెన్సర్ అనే మాట వినగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయొద్దు. మన చేను ఎకరాల్లో చెప్పినా, సెంట్లలో చెప్పినా, హెక్టార్లలో చెప్పినా అంకె మారుతుంది గానీ చేను మారదు. కొలిచే పద్ధతి మారినా మారని నిజాన్ని రాసే భాషే టెన్సర్. చేను కొలతలు తెలిసిన ఇంట్లో పుట్టినోళ్లం, మనకు ఇది పరాయి సంగతి కాదు.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే పని అని కూడా అనుకోవద్దు. మనోళ్లు కూలి పనికి వలసపోయే బెంగళూరులోనే పుట్టినాడు సి.వి. విశ్వేశ్వర. కృష్ణబిలాన్ని కదిలిస్తే గంట కొట్టినట్టు మోగి ఆగిపోతుందని 1970లో లెక్క కట్టి చూపించినాడు. 2015 సెప్టెంబరు 14న లైగో యంత్రాలు గురుత్వ తరంగాలను మొదటిసారి పట్టుకున్నప్పుడు, చివర్లో కనిపించింది ఆ మోతే. అదే ఊళ్లో నెహ్రూ ప్లానెటోరియానికి మొదటి డైరెక్టర్ కూడా ఆయనే. సిమెంటు మూటలు మోయడానికి మనకు దారి తెలిసిన ఊరు అది. చదువుకోవడానికి కూడా అదే దారి. జామ్ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి పోవచ్చు.

కష్టం ఉండదని చెప్పను. ఇంగ్లీషు పుస్తకం ఒక్క పేజీకి ఒక సాయంత్రం పడుతుంది. ఒక్కరే కూర్చుంటే నిద్రొస్తుంది. అందుకే నలుగురు కలిసి చదవండి. ఒకరికి అర్థమైంది ఇంకొకరికి మన భాషలో చెప్పాల. లంబాడీలో చెప్తారో, ఎరుకల భాషలో చెప్తారో, తెలుగులో చెప్తారో మీ ఇష్టం. మన భాషలో చెప్పగలిగినప్పుడే మనకు అర్థమైనట్టు.

వచ్చే ఆదివారం ఎవరికి వీలైతే వాళ్లు రండి. నోటుబుక్కు, పెన్ను, ఒక ఖాళీ నీళ్ల బాటిల్ తెచ్చుకోండి. మొదటి పాఠానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.