ప్లాను పాసయ్యే ముందు పక్కింటివారి మాట



ఈరోజు ప్లానింగ్‌లో పట్టభద్రులవుతున్న మీలో చాలామంది ఏడాది తిరక్కముందే ఒక ఫైలు ముందు కూర్చుంటారు. అందులో స్థలం దస్తావేజు ఉంటుంది, లింకు డాక్యుమెంట్లుంటాయి, లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం పెట్టిన డ్రాయింగు, ఒక అఫిడవిట్ ఉంటాయి. ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించని మనిషి ఒకరున్నారు. ఆ స్థలానికి గోడవతల కాపురమున్న మనిషి. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ మనిషి గురించే. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఇంగ్లండులోని ఒక పట్టణ కౌన్సిల్లో ప్లానింగ్ ఆఫీసరుగా గడిచింది. ఒక ఇంటి ప్లానుకు అక్కడ అవునో కాదో ఎలా తేలుస్తారో చెబుతాను. అందులో మనం తీసుకోవలసింది ఒకటి గట్టిగా ఉందని నా నమ్మకం.

అక్కడి పద్ధతికి పునాది 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం. యుద్ధంలో బాంబులకు కూలిన ఊళ్లను తిరిగి కట్టుకుంటున్న రోజులవి. 1948 జూలై 1న ఆ చట్టం అమల్లోకి రావడంతో స్థలం యజమానిదే అయినా, దానిలో కొత్తగా కట్టడానికీ, దాని వాడకం మార్చడానికీ కౌన్సిల్ అనుమతి తప్పనిసరి అయింది. చిన్నాచితకా పనులకు మినహాయింపులున్నాయి. వరస ఇళ్లలో అసలు వెనక గోడ నుంచి 3 మీటర్ల దాకా ఒక అంతస్తు పెంచుకోవాలంటే, మిగతా షరతులకు లోబడి ఉంటే, దరఖాస్తు అక్కర్లేదు. దాన్ని మించితే కౌన్సిల్‌కు రావలసిందే.

ఒక మామూలు దరఖాస్తునే దగ్గరగా చూద్దాం. వరస ఇళ్లలో ఒక కుటుంబం ఇంటి వెనక రెండంతస్తులు పెంచాలనుకుంది. కింద పెద్ద వంటిల్లు, పైన అమ్మమ్మకు ఒక గది. దరఖాస్తు చేరగానే కౌన్సిల్ పక్కిళ్లకు ఉత్తరాలు రాసింది, వీధి దీపస్తంభానికి ఒక నోటీసు కట్టింది. అభ్యంతరమైనా సమర్థన అయినా తెలపడానికి గడువు 21 రోజులు. డ్రాయింగులన్నీ ఎవరైనా చూడవచ్చు. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ చేత్తో రాసిన ఉత్తరం ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అందులో నాలుగు ఫిర్యాదులు: తన వెనక గదికి వెలుతురు పోతుంది, కొత్త కిటికీలోంచి తన పెరడంతా కనపడుతుంది, తన ఇంటి ధర పడిపోతుంది, ఆ కుటుంబానికీ తనకూ గోడ గురించి పాత తగాదా ఉంది.

ఆఫీసరు పని ఇక్కడ మొదలవుతుంది. ఆ నాలుగింటిలో మొదటి రెండే లెక్కలోకి వస్తాయి. వెలుతురు, ఏకాంతం, రద్దీ, శబ్దం, వీధి రూపురేఖలు, ఇవి ప్లానింగ్‌కు సంబంధించినవి. ఇంటి ధర, సొంత తగాదాలు, దరఖాస్తుదారు ఎలాంటివాడన్నది, ఇవి సంబంధించనివి. ఎంత కోపంగా రాసినా, ఎంతమంది సంతకాలు పెట్టినా చివరి రెండూ తూకంలో నిలవవు. మొదటి రెండు మాత్రం ఒక్క మనిషే రాసినా నిలుస్తాయి. ఆ తేడా ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

స్థలం చూడటానికి వెళ్లినవాణ్ణి పెద్దావిడ ఇంట్లోకీ వెళ్లాను. ఆ వెనక గదిలో నిలబడి కిటికీ కొలిచాను. చాలా కౌన్సిళ్లు పాటించే కొలత ఒకటుంది. పక్కింటి కిటికీ నడిమధ్య నుంచి ప్లాను మీద 45 డిగ్రీల గీత గీస్తారు. కొత్త గోడ ఆ గీతను దాటితే వెలుతురు పోయే ప్రమాదముంది. ఇక్కడ కింది అంతస్తు గోడతో ఇబ్బంది లేదు, పై అంతస్తు గోడ దాటింది. దరఖాస్తుదారు ఆర్కిటెక్టుతో మాట్లాడితే పై గదిని వెనక్కి జరిపాడు. పక్కకు చూసే కిటికీకి అవతలివి కనపడని అద్దం వేయాలని, అది తెరుచుకోకూడదని షరతు రాశాం. అనుమతి వచ్చింది. అమ్మమ్మకు గది దక్కింది, పెద్దావిడకు వెలుతురు దక్కింది. ఆవిడ ఉత్తరంలో ఏ మాటకు ఏ జవాబు ఇచ్చామో నివేదికలో ఉంది, ఆ నివేదిక ఊరందరికీ అందుబాటులో ఉంది. ఇలాంటి చిన్న దరఖాస్తుకు చట్టం ఇచ్చే గడువు 8 వారాలు, పెద్దవాటికి 13.

నూటికి తొంభైకి పైగా దరఖాస్తులు ఇలా ఆఫీసర్ల స్థాయిలోనే తేలిపోతాయి. పెద్దవీ, వివాదమైనవీ ఎన్నికైన కౌన్సిలర్ల కమిటీకి వెళతాయి. ఆ సమావేశం చూడటానికి ఎవరైనా రావచ్చు. అభ్యంతరం చెప్పేవారికీ, దరఖాస్తుదారుకూ తలా కొద్ది నిమిషాలు, చాలాచోట్ల మూడు నిమిషాలు, మాట్లాడే అవకాశం ఇస్తారు. ఆ స్థలంలో సొంత ప్రయోజనం ఉన్న కౌన్సిలరు ముందే ఆ సంగతి ప్రకటించి నిర్ణయం నుంచి తప్పుకోవాలి. విచారణకు ముందే మనసు మూసేసుకున్న కౌన్సిలరు ఓటు వేస్తే ఆ నిర్ణయం కోర్టులో కొట్టుకుపోవచ్చు.

ఆఫీసరు సిఫారసును కమిటీ తోసిపుచ్చవచ్చు. అయితే ప్లానింగ్‌కు చెందిన కారణం చెప్పి తీరాలి, అది మినిట్స్‌లోకి ఎక్కాలి. 2004 నాటి చట్టం ప్రకారం నిర్ణయం ఊరి అభివృద్ధి ప్రణాళికకు అనుగుణంగా ఉండాలి. దాన్ని దాటాలంటే అంతకు తూగే కారణం చూపాలి. జనం చప్పట్లు కొట్టారని తిరస్కరిస్తే దరఖాస్తుదారు అప్పీలుకు వెళతాడు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు మొదటి నుంచీ పరిశీలిస్తాడు. కౌన్సిల్ ప్రవర్తన అసమంజసమని తేలితే అప్పీలు ఖర్చులు కూడా కౌన్సిలే కట్టాలి. ఆ భయం కమిటీ గదిలో అందరికీ ఉంటుంది. అది ఉండటం మంచిదే.

అక్కడంతా బాగుందని చెప్పడానికి రాలేదు. ఇంగ్లండులో ఇళ్ల కొరత తీవ్రంగా ఉంది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కడతామని ప్రకటించి, ఆలస్యానికి ఈ పద్ధతినే వేలెత్తి చూపింది. అందులో నిజం ఉంది. ఇల్లున్నవారి అభ్యంతరం వినపడినంతగా ఇల్లు లేనివారి అవసరం వినపడదు, ఎందుకంటే రేపు రాబోయే ఇంట్లో ఉండబోయేవారు ఇవాళ ఆ వీధిలో లేరు. పక్కింటివారికి కూడా పూర్తి న్యాయం లేదు. కాదన్నప్పుడు దరఖాస్తుదారుకు అప్పీలు హక్కుంది, అవునన్నప్పుడు పక్కింటివారికి ఆ హక్కు లేదు. ఆరు వారాల్లోపు హైకోర్టు గుమ్మం ఎక్కడం ఒక్కటే దారి, అది సామాన్యుడికి అందేది కాదు.

ఇక మన సంగతి. మన పట్టణ ప్రణాళికకూ అక్కడి చట్టాలకూ చుట్టరికం ఉంది. 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టమే కోస్తా, రాయలసీమ పట్టణాలకు మొదటి పునాది. దానికి కొన్నేళ్ల ముందు, 1914లో, పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పండితుడు నగరాల ప్రదర్శన ఒకటి తీసుకుని మద్రాసు బయల్దేరాడు. ఆ సామగ్రి తెస్తున్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ముంచేసింది. మిత్రులు మళ్లీ పటాలు కూడగట్టి పంపితే ప్రదర్శన జరిగింది. గెడ్డెస్ గీత గీసే ముందు వీధి వీధీ నడిచేవాడు. గల్లీలు కూలగొట్టి రోడ్లు వెడల్పు చేసే ఇంజినీర్లతో వాదించేవాడు. అక్కడ బతుకుతున్నవారిని చూడకుండా గీసిన గీతకు విలువ లేదన్నది ఆయన పట్టుదల. మన వృత్తి ఈ దేశంలో అలాంటి మనిషి అడుగులతో మొదలైందని మీరు మరవకూడదు.

ఈ వందేళ్లలో మన ప్రయాణం వేగం వైపు సాగింది. తెలంగాణలో 2020 నాటి చట్టంతో, టీఎస్-బీపాస్ పేరుతో వచ్చిన ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి కింద 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తులోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజులు, ఆలోగా జవాబు లేకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఆంధ్రప్రదేశ్‌లోనూ అనుమతులు ఆన్‌లైన్‌కు మారాయి. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ప్లాను పాసు చేయించుకోవడానికి ఉద్యోగి సెలవు పెట్టి బల్ల బల్లకూ తిరిగిన రోజులు నాకు తెలుసు. ఆ అవమానం తగ్గింది.

కానీ చూడండి. అక్కడ 21 రోజులంటే పక్కింటివారు మాట చెప్పుకునే గడువు. ఇక్కడ 21 రోజులంటే ఆఫీసు సంతకం పెట్టాల్సిన గడువు. గోడవతలి మనిషికి మన పద్ధతిలో గడువే లేదు. జేసీబీ వచ్చి గొయ్యి తవ్వుతున్నప్పుడు ఆయనకు తెలుస్తుంది. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది కోసం తవ్వుతుంటే ఇరుకు స్థలంలో కట్టిన ఒక భవనం ఒరిగిపోయింది. లోపలివాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు, తర్వాత దాన్ని కూల్చేశారు. ఆ భవనం కట్టిన తీరులో తప్పులుంటే ఉండవచ్చు. తవ్వకానికి ముందు పక్కింటి పునాది ఎలా ఉందో చూసి రమ్మనే ఒక్క అడుగు పద్ధతిలోనే ఉంటే ఆ రోజు వేరేగా గడిచేది.

ఇప్పుడు సెట్‌బ్యాకుల మాట. పక్కింటికి గాలీ వెలుతురూ అందాలని, నిప్పు అంటుకుంటే ఫైరింజను తిరగాలని 2012 నాటి 168వ జీవోలో ఎంత స్థలానికి ఎంత వదలాలో పట్టికలే ఇచ్చారు. ప్లాను దాటి కట్టరన్న హామీగా కట్టే ప్రాంతంలో పదోవంతు మున్సిపాలిటీకి తనఖా పెట్టాలన్న నిబంధన కూడా పెట్టారు. అయినా మనం 2007 చివర్లో ఒకసారి, ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ, జరిమానా కట్టించుకుని ఉల్లంఘనలను క్రమబద్ధీకరించే పథకాలు తెచ్చాం. ఇంగ్లండులోనూ కట్టేశాక దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ దాన్నీ అదే కొలబద్దతో కొలుస్తారు, పక్కింటివారిని మళ్లీ అడుగుతారు, నిలవకపోతే కూల్చమంటారు. మన దగ్గర జరిమానా ఖజానాకు వెళుతుంది. వెలుతురు పోగొట్టుకున్న మనిషికి అందులో ఒక్క పైసా రాదు, ఒక్క కిటికీ తిరిగి రాదు. ఇది నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

జనం మాట వినడం మనకు కొత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మాస్టర్ ప్లాను ముసాయిదా మీద అభ్యంతరాలు పిలవడం మన చట్టాల్లోనే ఉంది. 2023 జనవరిలో కామారెడ్డిలో ముసాయిదా తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపిందని రైతులు రోడ్డెక్కారు. ఆ ఆవేదనలో ఒక రైతు ప్రాణం కూడా పోయింది. చివరికి మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. రంగులేసిన పటం వెనక పొలాలున్నాయని, వాటి మీద ఆధారపడిన ఇళ్లున్నాయని ముసాయిదా గీసే రోజుల్లోనే గ్రామాల్లో కూర్చుని వినుంటే అంతదాకా వచ్చేది కాదు.

ఇక నిర్ణయం ఎవరిదన్న మాట. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. రెంటినీ మున్సిపాలిటీలకు అప్పగించాలన్నది దాని ఆశయం. అయినా మన ఊళ్లలో అనుమతి కమిషనరు సంతకంతో వెళ్లిపోతుంది. కౌన్సిలరు మాట ఫోనులో వినపడుతుందేమో గాని ఫైలులో కనపడదు. నేను చూసిన కౌన్సిలర్లు మైకు ముందు, జనం ఎదుట చెప్పి, తమ పేరుతో ఓటు వేసేవారు. ప్రతి ఇంటి ప్లానునూ కమిటీకి పంపమని నేననను, మన పట్టణాలు పెరుగుతున్న తీరుకు అది నడవదు. బహుళ అంతస్తుల సముదాయాలనూ, జోన్ మార్పులనూ బహిరంగంగా విచారిస్తే చాలు. చిన్న ఇళ్ల విషయంలో పక్కింటికి ఒక ఎస్సెమ్మెస్, గేటు మీద ఒక కాగితం, పది రోజుల గడువు ఉంటే చాలు.

చట్టం మారేదాకా మీరు ఆగనక్కర్లేదు. మీలో కొందరు ఆంధ్రప్రదేశ్‌లో వార్డు ప్లానింగ్ సెక్రటరీలవుతారు, కొందరు తెలంగాణలో టౌన్ ప్లానింగ్ ఆఫీసుల్లో చేరతారు, కొందరు బిల్డర్ల తరఫున డ్రాయింగులు గీస్తారు. తనిఖీకి వెళ్లినప్పుడు పక్కింటి తలుపు తట్టండి. ఆ ఇంటి కిటికీలు ఎటున్నాయో, బావి ఎక్కడుందో, గోడ బీటలు వారిందో లేదో మీ నోట్‌లో రాయండి. దరఖాస్తు తిరస్కరిస్తే నిబంధన నంబరు ఒక్కటే రాసి వదిలేయకండి, ఎవరికి ఏ ఇబ్బంది అవుతుందో రెండు వాక్యాలు తెలుగులో రాయండి. ఫిర్యాదు చేసినవారికి వారి అభ్యంతరం ఎందుకు నిలవలేదో చెప్పండి, నిలిస్తే ఏం మార్పించామో చెప్పండి. బిల్డరు దగ్గర పనిచేసేవారు డ్రాయింగులో పక్క స్థలాన్ని తెల్లగా వదలకండి, అక్కడున్న ఇంటిని కిటికీలతో సహా చూపించండి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త జీవో అక్కర్లేదు.