ఏలేవారి సొంత లాభం, ఎవరికి నష్టం?



సికింద్రాబాదుకు ఇంకో పేరు ఉంది. లష్కర్. లష్కర్ బోనాలు అందరికీ తెలుసు. లష్కర్ అంటే సైన్యం. మరి ఇక్కడ దిగిన ఆ సైన్యం ఎవరిది?

అది ఇంగ్లీషు కంపెనీ సైన్యం. 1795లో నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయాడు. అదే ఏడాది కన్నకొడుకే తిరగబడ్డాడు. గద్దె నిలవాలంటే బలమైన తోడు కావాలనుకున్నాడు. 1798లో ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం వచ్చింది. దాని ఖర్చు ఏడాదికి 24 లక్షల రూపాయల పైనే. హుస్సేన్ సాగర్ అవతల దండు దిగింది. దండు చుట్టూ ఊరు పెరిగింది. 1806లో ఆ ఊరికి తరువాతి నిజాం సికందర్ జా పేరు పెట్టారు.

కథ అంతటితో ఆగలేదు. 1800లో ఇంకో ఒప్పందం జరిగింది. సైన్యం ఖర్చు కింద నిజాం బళ్లారి, అనంతపురం, కడప సీమలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. ఇంకో రాజ్యంతో మాట్లాడాలన్నా కంపెనీ ఒప్పుకోవాలని కూడా రాసిచ్చాడు.

రాజుగారి గద్దె నిలిచింది. కానీ నిన్నటిదాకా నిజాం రైతు, ఇవాళ కంపెనీ రైతు అయ్యాడు. ఆ రైతును ఎవరైనా అడిగారా? ఆ ఇంటి ఇల్లాలిని అడిగారా? లేదు.

పొదుపు సంఘం సంగతే చూడండి. అధ్యక్షురాలు తన తమ్ముడి అప్పు తీర్చడానికి సంఘం డబ్బు ఇచ్చేస్తే ఊరుకుంటామా? "తల్లీ, ఇది నీ ఇంటి డబ్బా, సంఘం డబ్బా?" అని అడుగుతాం. దేశం కూడా అంతే. ఇంకో దేశంతో స్నేహమైనా, కయ్యమైనా, అది ఏలేవారి ఇంటి వ్యవహారం కాదు.

ఇంకో ఉదాహరణ. 1947లో దేశానికి స్వతంత్రం వచ్చింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ భారతదేశంలో కలవలేదు. తన రాజ్యం తనకే ఉండాలనుకున్నాడు. ఆయన ప్రభుత్వం పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వజూపింది. ప్రజలను మాత్రం ఏ ఓటూ అడగలేదు. రజాకార్ల దాడులతో పల్లెలు అల్లాడాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మరునాడు ఈ సికింద్రాబాదులోనే ఆయన సేనాపతి భారత సేనాపతికి లొంగిపోయాడు. ఆ రోజుల్లోనూ, ఆ తరువాతా ఎందరో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో ముస్లిములు చాలామంది.

ఆ గడబిడలోనే నిజాం మంత్రి ఒకాయన 10 లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్మును లండనులోని పాకిస్తాను రాయబారి ఖాతాకు పంపాడు. "నేను ఒప్పుకోలేదు, తిరిగి ఇవ్వండి" అన్నాడు నిజాం. ఆ సొమ్ము ఎవరిదో లండను కోర్టు తేల్చేసరికి 2019 అయ్యింది. అంటే 71 ఏళ్లు! రాజుగారి సంచీకి, రాజ్యం ఖజానాకు మధ్య గోడ లేకపోతే ఇట్లాంటి చిక్కులే వస్తాయి.

మరి ఇప్పుడో? బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. ఒకప్పుడు అది ఇంగ్లీషు రెసిడెంటు విడిది. ఇప్పుడు మన రాష్ట్రపతి విడిది. మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడుచుకోవాలి. మంత్రులు పార్లమెంటుకు జవాబు చెప్పాలి. పార్లమెంటును ఎన్నుకునేది మనం. పరదేశాల వాళ్లు మంత్రులకు ఇచ్చే ఖరీదైన కానుకలు కూడా తోషాఖానాలో జమ కావాలి. అమెరికాలో వేరే పద్ధతి. అక్కడ పరదేశ వ్యవహారాలు అధ్యక్షుడే నడిపిస్తాడు. అయినా ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. పరాయి రాజుల కానుకలు తీసుకోవాలంటే అక్కడి కాంగ్రెసు సభ అనుమతి కావాలి.

కొందరికి సందేహం రావచ్చు. పెద్ద పదవిలో ఉన్నవారికి సొంత ఆలోచన ఉండకూడదా అని. తప్పకుండా ఉండాలి. అనుభవం ఉండాలి, తెలివి ఉండాలి. కానీ ఆలోచన వేరు, లాభం వేరు. నా ఆలోచన ఇదని నలుగురి ముందు చెప్పవచ్చు. నా లాభం ఇదని ఎవరూ చెప్పరు. దాచిపెడతారు. అందుకే కాగితం చూడాలి, లెక్క అడగాలి.

పరదేశం సంగతి మనకెందుకు అనుకోవద్దు. 1990లో కువైట్‌లో యుద్ధం వచ్చినప్పుడు లక్ష మందికి పైగా మనవాళ్లను ప్రభుత్వం విమానాల్లో తీసుకొచ్చింది. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. దేశాల మధ్య మాట చెడితే ఆ దెబ్బ మన పొయ్యి దాకా వస్తుంది.

ఆనాడు ఒప్పందం కాగితం చదివే వీలు ప్రజలకు లేదు. ఈనాడు మీకు చదువు వచ్చింది. పేపరు చదవండి. సంఘం తీర్మానమైనా, దేశం ఒప్పందమైనా ఒక్క మాట అడగండి: దీనివల్ల లాభం ఎవరికి? ఖర్చు ఎవరిది?