మారుమనస్సు, మారుపలుకు



ఎవరి పేర నేడిట సమావేశమైతిమో ఆ గురువర్యుల పాండిత్యమును మీరందరు నెరుగుదురు. నే నెరిగిన దొక్కటి చెప్పెదను. ఒకప్పుడు వారు నా గ్రీకు నిఘంటువును ఎరువు దీసికొనిపోగా, వానలో తడిసి అందొక పుట చెడిపోయెను. వారు మరియొక ప్రతిని వెదకి, ఆ పుటలోని అక్షరములన్నియు స్వహస్తముతో వ్రాసి, చిరుగు కనబడకుండ అంటించి, మూడు నెలలకు తెచ్చి యిచ్చిరి. క్షమింపుమన్న మాట యొక్కటియు పలుకలేదు. ఆ పుట నేటికిని నాయొద్ద నున్నది; ఈ ప్రసంగమంతయు దానికి వ్యాఖ్యానమే.

మన బైబిలులో ‘మారుమనస్సు’గా తెనిగింపబడిన మెటనోయియా యను గ్రీకు పదమునకు లాటిను తర్జుమా ఇచ్చిన ప్రాయశ్చిత్తమను అర్థమును లొరెంజో వల్లా ప్రశ్నించుటయు, ఆ విమర్శను ఎరాస్మస్ 1505లో అచ్చొత్తించుటయు, 1517లో లూథరు తన 95 వాదాంశములలో మొదటిదానినే దీనిపై నిలుపుటయు మీకు సుపరిచితములే గనుక విడిచెదను.

నా వివాదము తెలుగుమాటను గూర్చినది. మన బైబిలులోని ‘మారుమనస్సు’ సరియైన మాట కాదనియు, మారుపేరు, మారువేషము మొదలగువానియందు ‘మారు’ అనగా పైకి తొడిగికొన్న రెండవదని యర్థమగుటచే ఇది కపటమనస్సను భ్రాంతిని గొల్పుననియు, పశ్చాత్తాపమనుటయే శిష్టసమ్మతమనియు కొందరు పండితులు చిరకాలముగ వాదించుచున్నారు. వారు మారుపలుకును మరచిరి. మారు మాటాడక యుండెననగా బదులీయక యుండెనని కదా మన వాడుక! ఆ త్రోవలో మారుమనస్సనగా పిలుపునకు బదులు పలికిన మనస్సు. ఇది వ్యుత్పత్తినిర్ణయమని నేననను. తెలుగుచెవికి ఆ మాట అందించు అర్థమిది యని మాత్రము గట్టిగ ననెదను.

పశ్చాత్తాపమున వెనుకటి తాపమున్నది, బదులు లేదు. మత్తయి 27లో యూదా పరితపించి ముప్పది వెండినాణెములను తిరిగి తెచ్చెను. కాని అచట సువార్తికుడు వాడినది మెటనోయియా కాదు, మెటమెలోమై. 2 కొరింథీ 7లో పౌలు తన పత్రికను గూర్చిన విచారమునకు ఈ రెండవదానిని, కొరింథీయుల మార్పునకు మొదటిదానిని వాడెను. మత్తయి 21లో, తోటకు పోనని తండ్రితో చెప్పిన కుమారుని విషయమునను మెటమెలోమైయే యున్నది గదా యని ప్రతివాదులందురు. సత్యమే; ఐతే ఆ కుమారుడు తరువాత తోటకు పోయెను. అతని తాపము పిలిచినవాని వైపు నడచినది. యూదా తాపము నాణెములను దేవాలయమున పారవైచి ఒంటరిగ వెడలిపోయినది. లూకా 19లోని జక్కయ్య కథలో ఈ రెండు మాటలును లేవు. యేసు పేరు పెట్టి పిలువగనే అతడు చెట్టు దిగి, ప్రభువును ఇంట చేర్చుకొని, ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగ గొన్నదానికి నాలుగంతలు నష్టపడినవారికిని ఇచ్చెదననెను. అది మారుపలుకు.

ఇందులకు మన నేలయు సాక్షి. 1876–78 కరవున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో వేలమందికి కూలి చూపెను గాని, కూటికై వచ్చినవారెవరో పిలుపునకు పలికినవారెవరో తేలువరకు బాప్తిస్మములను నిలిపివేసెను. పిదప 1878 జూలై 3న వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. విగ్రహములను పూజింపరాదు, ఆదివారము పనిచేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు: ఇవి వారి నియమములు. వినుటకు స్వల్పములు, కాని జాతరకు రమ్మని ఊరు కబురంపినప్పుడు డప్పును గోడనుండి తీయక నిలిచిన మాదిగ విశ్వాసి, డప్పు కొట్టినందుకు ఊరిచ్చు ఆ యేటి గింజలనే పణముగ నొడ్డెను. అతడు కన్నీరు కార్చెనో లేదో మనకేల? డప్పు మ్రోగలేదు, అదియే అతని బదులు.

కావుననే నేను ప్రస్తుతము గుండ్లకమ్మ తీరపు సంఘములలో వృద్ధులు ప్రార్థనయందు వాడు మాటలను ఏర్చికూర్చి ఒక పదకోశమును సిద్ధపరచుచున్నాను. హీబ్రూ ప్రవక్తల ‘షూబ్’ అనగా మరలి వచ్చుట; దానికి సాటియైన ‘మళ్లుకొనుట’ ఆ ముసలివారి నోట సజీవముగ నున్నది. ఎప్పుడు మారుమనస్సు పొందితివమ్మా యని యొక అవ్వ నడిగితిని. పొయ్యిలో పుల్ల ఎగద్రోయుచు, తల యెత్తకయే, “ఏసయ్య పిలిచాడు, పలికాను నాయనా, ఇప్పటికీ పలుకుతానే ఉన్నా” ననెను. నిఘంటువులలో నేను వెదకినది ఆమె పొయ్యి కడ దొరకెను. ఇట్టి మాటలు మీ యింటి పెద్దలయొద్ద నున్నచో, వారుండగనే వ్రాసి నాకందింపుడని చేతులు జోడించి వేడుచున్నాను.