ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చదువు

మేము ఉన్నత పాఠశాలలో చదువుకొను దినములలో ఇంగ్లీషునకు రెండు విధములగు పుస్తకములుండెడివి. ఒకటి డిటెయిల్డు, రెండవది నాన్‌డిటెయిల్డు. మొదటిదానికి ఉపాధ్యాయులు చెప్పిన అర్థములను వ్రాసికొని వల్లె వేసెడివారము. రెండవది కథల పుస్తకము. దానికి మార్కులు తక్కువ గనుక ఇంటివద్ద చదువుకొమ్మని విడిచిపెట్టెడివారు.

ఒకనాడు పొరుగింటి ముసలమ్మ, తన కుమారుడు పనిచేయు కార్యాలయమునుండి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరము తెచ్చి, “చదివి చెప్పు నాయనా” అని అడిగెను. అంతకు ముందు వారమే ఒక పద్యము సారాంశమును తప్పు లేకుండ వ్రాసి మెప్పు పొందియుంటిమి. ఉత్తరములోని మాటలు విడివిడిగా తెలిసినవే. విషయము మాత్రము బోధపడలేదు. బిడ్డ క్షేమమేనా యని ఆమె మా ముఖమువంక చూచుచుండ, మేము తల వంచుకొంటిమి. తుదకు పోస్టుమాస్టరుగారు చదివి, కుమారుని జీతములో కొంత ఇకమీదట నెలనెలా ఆమెకే వచ్చునని చెప్పిరి. ఆ శుభవార్తను చెప్పు భాగ్యము మాకు లేకపోయినది.

ఆ వేసవి సెలవులలో, మూలనున్న కథల పుస్తకమును తెరచితిమి. అది షేక్స్పియరు నాటకములలో ఇరువదింటిని కథలుగా మార్చి మేరీ లాంబు, ఆమె తమ్ముడు చార్లెసు 1807లో ప్రకటించిన గ్రంథము. సుఖాంతములు అక్క వ్రాసినది. విషాదాంతములు తమ్ముడు వ్రాసినాడు. లియరు రాజు కథలో, తండ్రిని పొగడుటకు నోరురాని చిన్న కూతురు ఏమగునో యను ఆతురతతో నిఘంటువును మరచితిమి. తెలియని మాట మూడవసారి కనబడునప్పటికి తనంత తానే తెలిసెను. సమాసములు, కాలములు వ్యాకరణమున నేర్చినవే. అవి ఎందుకున్నవో అప్పుడు తెలిసినది.

ఇంగ్లీషును ఇట్లు సొంతము చేసికొన్న వారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఒకరు. గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ నుండి ప్రేరణ పొంది వారు ‘రాజశేఖర చరిత్రము’ వ్రాసిరి. మాటకు మాట మార్చలేదు. కథను ధవళేశ్వరమునకు తెచ్చి, తెలుగు కుటుంబమున నిలిపిరి. 1880లో గ్రంథమైన ఆ నవల, 1887లో ఇంగ్లీషులోనికి అనువాదమై లండనులో వెలువడెను. అరువు తెచ్చిన విత్తనము మన నేలలో పండి, ఆ పంట తిరిగి ఆ దేశమునకే చేరినది.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ పిల్లవాడు ఎన్ని ప్రశ్నలకు జవాబులు కంఠస్థము చేసెనో అడుగకుడు. సాయంకాలము అరగంట కథ చదువనిచ్చి, దానిని చెల్లెలికి తెలుగులో చెప్పుమనుడు. లాంబులు తమ పీఠికలో అన్నలను కోరినదియు దాదాపు ఇదియే: కఠినమైన చోట్లను చెల్లెండ్రకు విప్పి చెప్పుమని. మరునాడు అదే కథను తన మాటలలో ఐదు ఇంగ్లీషు వాక్యములుగా వ్రాయమనుడు. తప్పులు వచ్చును, రానిండు. గైడు పుస్తకములోని తప్పులేని పది పుటలకంటె అవి మేలు. పొరుగువారి ఉత్తరము చేతికి వచ్చిననాడు వాడు తల వంచుకొనవలసిన పని యుండదు.