పిల్ల మాట ముందు మనం విందాం

మీటింగులో పొదుపు, వాయిదా లెక్క పైసాతో సహా చూసుకుంటాం. అంతే శ్రద్ధగా ఇంట్లో ఎదిగే పిల్ల మనసులో ఏముందో తెలుసుకుందాం.

తన ఒంట్లో వచ్చే మార్పేమిటో, తనకేది ఇష్టమో, దేనికి భయమో తెలిసిన పిల్లే "నాకిప్పుడే పెళ్లొద్దు, చదువుకుంటా" అని నోరు తెరిచి చెబుతుంది. ఆ మాట మొదట వినాల్సింది మనమే. నెలసరి గురించి సిగ్గుపడకుండా చెబుదాం. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుందో లేదో అడుగుదాం.

18 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. అలాంటి పెళ్లి తలపెడితే 1098కి ఫోన్ చేద్దాం. కూతురి పెళ్లికని సంఘంలో ఎవరు అప్పు అడిగినా, ముందు పిల్ల వయసు అడుగుదాం. తర్వాత పిల్ల ఇష్టం అడుగుదాం. అప్పు సంగతి ఆ తర్వాతే.