కొమ్మ మీద కాపలా పిట్ట: నేను చెప్పింది సగం తప్పు



పోయిన ఎపిసోడ్‌లో నేనొక మాట తెగ ఫీలైపోయి చెప్పా. బాబ్లర్ పిట్టల గుంపులో ఒకటి తిండి మానేసి, ప్రాణాలకు తెగించి, మిగతావాటి కోసం కాపలా కాస్తుందని. తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, అది సగం సినిమా డైలాగ్ అని. ఈరోజు దాన్ని సరిచేసుకుందాం.

జంగిల్ బాబ్లర్ మీకు తెలిసిన పిట్టే. మట్టి రంగు, పసుప్పచ్చ ముక్కు, ఎప్పుడూ కోపంగా చూస్తున్నట్టుండే తెల్లటి కళ్లు. కానుగ చెట్టు కింద ఎండుటాకులు తిరగేస్తూ ఒకటే గోల. ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి కాబట్టి హిందీలో 'సాత్ భాయ్' అంటారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నదమ్ములు కాస్తా అక్కచెల్లెళ్లయ్యారు, అది వేరే సంగతి. గూడు ఒక జంటదైనా, పిల్లలకు మేత గుంపులో మిగతావీ తెచ్చిపెడతాయి.

ఇక కాపలా దగ్గరికొద్దాం. వీటి చుట్టాలు అరేబియన్ బాబ్లర్లు ఇజ్రాయెల్ ఎడారిలో ఉంటాయి. అమోట్జ్ జహావి అనే ఆయన 1970ల నుంచి దశాబ్దాల పాటు వాటిని చూశాడు. కాపలా త్యాగం కాదు, 'చూడండి నా దమ్ము' అని గుంపులో చూపించుకోవడం అన్నాడాయన. పోటీపడి మరీ ఆ కొమ్మెక్కుతాయట! 2001లో వచ్చిన ఇంకో ప్రయోగంలో, జోనాథన్ రైట్ బృందం కొన్ని పిట్టలకు అదనంగా పురుగులు పెట్టింది. కడుపు నిండినవి ఎక్కువసేపు కాపలా కాశాయి. అంటే, ఆకలి తీరాక ఎత్తు మీద కూర్చోవడం దానికీ మంచిదే. డేగ వస్తే ముందు కనపడేది దానికే కదా.

మరి ఇందులో మాట్లాడుకోవడం ఎక్కడుంది? నాకు బాగా నచ్చింది ఇదే. ఆఫ్రికాలోని కలహారిలో పైడ్ బాబ్లర్లని ఉంటాయి. కాపలా పిట్ట ప్రమాదం లేనప్పుడు కూడా సన్నగా కూస్తూనే ఉంటుంది. 2008లో పరిశోధకులు ఆ కూత రికార్డు చేసి వినిపిస్తే, కింద ఉన్నవి తల ఎత్తి చూడటం తగ్గించి, ఎక్కువ పురుగులు పట్టుకున్నాయి. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలుసు, సర్వర్ 'ఉన్నా, ఉన్నా' అని పంపే హార్ట్‌బీట్ సిగ్నల్. అచ్చం అదే! నేను ఉద్యోగం చేసేప్పుడు రాత్రిళ్లు ఆన్-కాల్ డ్యూటీలో ఒక్కసారి కూడా టీమ్‌కి 'అంతా ఓకే' అని పెట్టలేదు. కొంపలంటుకుంటేనే మెసేజ్. పాపం, వాళ్లూ సరిగ్గా పడుకుని ఉండరు.

సొంత లాభానికి కొమ్మెక్కిన పిట్ట చేసే చప్పుడు, కింద వాటికి కబురవుతుంది. గుంపు బతికితే, తోడు దొరికేది దానికీనూ. ఇలాంటి అలవాటు తరతరాలకూ నిలబడటానికి త్యాగమే ఉండాలని లేదు.

ఒక రిక్వెస్ట్. యూట్యూబ్‌లో పిట్ట కూతలు పెట్టి వీటిని పిలవకండి. అవి మన ఫోన్‌ని కూడా నమ్మేస్తాయి. ఊరికే కూర్చుని, పైనున్నది ఎంతసేపటికి మారుతుందో టైమ్ చూడండి. నేను రేపు పొద్దున్నే పొలం గట్టు మీద అదే పనిలో ఉంటా.